ఉతికితేనే ఫిల్టరు

1846లో ఇంగ్లండు దక్షిణ తీరంలోని టార్కీకి వెళ్లిన యానా థిన్ అనే ఆవిడకి అక్కడి సముద్రపు రాళ్ల మీద బతికున్న పగడాలు కనబడ్డాయి. వాటిని లండన్ తీసుకెళ్లి ఇంట్లో పెంచుదామనుకుంది. ప్రయాణంలో కుదుపులకి ఒకదానికొకటి కొట్టుకుని చితికిపోకుండా సూదీ దారం తీసుకుని వాటిని ఓ పెద్ద స్పాంజికి కుట్టేసి, ఆ స్పాంజిని సముద్రపు నీళ్లున్న జాడీలో ముంచింది. పగడాలు క్షేమంగానే చేరాయి. అసలు చిక్కు ఇల్లు చేరాక మొదలైంది. తీరం నుంచి నీళ్లు తెప్పించుకోవాలి, తెచ్చిన నీళ్లు నాలుగు రోజులకే పాడవుతాయి. పాడవుతున్న నీటిని మళ్లీ పనికొచ్చేలా చేయడానికి ఆవిడ తన పనిపిల్లని తెరిచిన కిటికీ ముందు నిలబెట్టి, ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి అరగంట, ముప్పావు గంట సేపు పోయించేది. ఇవాళ పంపు చేసే పని అప్పుడు ఆ పిల్ల చేతులు చేశాయి. మరుసటి ఏడాది సముద్రపు నాచు కూడా వేసి చూసింది. ఇంట్లో ఉప్పునీటి తొట్టి పెంచడమనే సరదా ఇలా మొదలైంది. సరదాతో పాటే, నీళ్లలో చేరే మురికిని ఏం చేయాలనే తగువు కూడా.

ఇవాళ ఉప్పునీటి అక్వేరియం ఉన్న ఏ ఇంట్లోనైనా తొట్టి కింది అలమర తలుపు తీస్తే ఇంకో చిన్న తొట్టి కనబడుతుంది. దాన్ని సంప్ అంటారు. పై తొట్టిలో పొర్లిన నీళ్లు గొట్టం గుండా అందులోకి దిగుతాయి. ఆ గొట్టం మూతికి కింద, ప్లాస్టిక్ చట్రానికి వేలాడుతూ ఓ తెల్లటి ఫెల్ట్ సంచి ఉంటుంది. అదే ఫిల్టర్ సాక్. నీళ్లు సంచి నోట్లో పడి గోడల గుండా బయటికి వస్తాయి. చేప తినకుండా వదిలేసిన మేతా, పెంటా, నాచు తునకలూ లోపల ఉండిపోతాయి. ఇందులో అర్థం కానిదేమీ లేదు. దీన్ని ఫలానా సంవత్సరంలో ఫలానా ఆయన కనిపెట్టాడని చెప్పుకునే కథ కూడా లేదు. సంచి వేరే ఊళ్లో, వేరే పని కోసం పుట్టింది. అక్వేరియం వాళ్లు తెచ్చుకుని వాడుకున్నారు. నా లెక్కలో వాళ్లు కనిపెట్టింది సంచిని కాదు, దాన్ని మూడు రోజులకోసారి తీసి ఉతకాలనే సంగతిని. ఆ చిన్న సంగతి తెలియడానికి నూట యాభై ఏళ్ల దాకా పట్టింది.

మొదటి నుంచీ అందరూ చేసిన పని ఒకటే: మురికిని కళ్ల ముందు నుంచి తప్పించడం. లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850లో కెమికల్ సొసైటీకి తన ప్రయోగం చెప్పాడు. ఓ గాజు తొట్టి, రెండు చిన్న బంగారు చేపలు, వాలిస్నేరియా అనే నీటి గడ్డి. చేపలు వదిలే గాలిని మొక్క తీసుకుంటుంది, మొక్క వదిలే గాలిని చేపలు పీలుస్తాయి. నీళ్లు మార్చనక్కర్లేదని ఆయన ధీమా. కొన్నాళ్లకి గడ్డి ఆకులు కుళ్లి నీళ్లు మసకబారాయి. అప్పుడు ఆయన చెరువు నత్తల్ని తెచ్చి వేశాడు. అవి కుళ్లిన ఆకుల్ని తిన్నాయి, నీళ్లు తేటపడ్డాయి. అదంతా చక్కగానే ఉంది కాని, నత్త తిన్నదీ ఎక్కడికో పోవాలిగా? అదే తొట్టిలోకి పోయింది. వారింగ్టన్ మంచి రసాయనవేత్త, ఆ సంగతి ఆయనకి తెలియకపోలేదు. మొక్క దాన్ని ఎరువుగా లాగేసుకుంటుందని లెక్క వేశాడు. రెండు చిన్న చేపలకి ఆ లెక్క సరిపోయింది. ఫిలిప్ హెన్రీ గాస్ 1854లో ‘ది అక్వేరియం’ రాశాక ఇంగ్లండులో మధ్యతరగతి ఇళ్లన్నీ తొట్లు కొనుక్కున్నాయి. అవి మాత్రం రెండు చేపలతో ఆగలేదు.

పెద్ద ఎత్తున ఆలోచించినవాడు విలియమ్ ఆల్ఫర్డ్ లాయిడ్. లండన్‌లో అక్వేరియం సామాను అమ్మే కొట్టుతో మొదలుపెట్టి, 1864లో హాంబర్గ్‌లోనూ, 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లోనూ ప్రజల కోసం పెద్ద అక్వేరియాలు నడిపించాడు. నేపుల్స్‌లో ఆంటన్ డోర్న్ కట్టిన సముద్ర పరిశోధన కేంద్రానికి కూడా ఆయన సలహా ఉంది. లాయిడ్ పద్ధతి ఇది: చూడటానికి పెట్టిన తొట్ల కన్నా ఎన్నో రెట్లు పెద్ద కుండీ ఒకటి నేల కింద చీకట్లో ఉండాలి. ఆవిరి యంత్రం రాత్రింబవళ్లు అందులోంచి నీళ్లు పైకి తోడాలి, పై నుంచి పొర్లి మళ్లీ కిందికి రావాలి. చీకట్లో నాచు పెరగదు, అంత నీళ్లలో మురికి పలచబడిపోతుంది, నిదానంగా గాలి తగిలి నశిస్తుంది. ఇవాళ్టి సంప్‌కి తాతగారు ఈ చీకటి కుండీయే. నాకు లాయిడ్ అంటే గౌరవం. అయితే ఆయన చేసింది కూడా మురికిని తీసేయడం కాదు, దాన్ని విస్తారమైన నీళ్లలో కలిపి, కనబడకుండా చేయడం. క్రిస్టల్ ప్యాలెస్‌కి ఆవిరి యంత్రమూ, నేలమాళిగా ఉన్నాయి. మామూలు ఇంటివాడికి ఆ రెండూ ఎక్కడివి?

ఆ నీళ్లలో మురికికి అసలేం జరుగుతోందో అక్వేరియం వాళ్లకి కాదు, మురుగునీటి వాళ్లకి ముందు తెలిసింది. 1877లో ఫ్రాన్సులో ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు ఇసుకా సున్నపురాయీ నింపిన పొడవాటి గొట్టంలో మురుగునీటిని నిదానంగా దించారు. మొదట దాదాపు 20 రోజుల పాటు ఏ మార్పూ లేదు. ఆ తరవాత దిగువన అమోనియా పోయి నైట్రేట్ రావడం మొదలైంది. క్లోరోఫామ్ వేస్తే ఆగిపోయింది. అంటే ఈ పని ఏదో బతికున్నది చేస్తోంది. ఆ బతికున్న వాటిని 1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ విడదీసి చూపించాడు: అమోనియాని నైట్రైట్‌గా మార్చే బాక్టీరియా ఒకటి, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చేది ఇంకొకటి. కొత్త తొట్టిలో చేపల్ని వేసే ముందు కొన్ని వారాలు ఆగమని ఇవాళ కొట్లవాళ్లు చెప్పేది ఈ లెక్కనే. అమోనియాకి చేప చచ్చిపోతుంది, నైట్రేట్‌ని చాలావరకు తట్టుకుంటుంది. కనక బాక్టీరియా పెరిగే చోటు ఇస్తే చాలు, వడపోత జరిగిపోయినట్టే అని తరవాతి తరం అనుకుంది. గాలి బాగా తగిలే నీళ్లలో కథ నైట్రేట్ దగ్గర ఆగిపోతుందని, ఆ నైట్రేట్ తొట్టిలోనే పేరుకుంటుందని వాళ్లు అంతగా పట్టించుకోలేదు.

1960ల నాటికి ఇళ్లలో ఉప్పునీటి చేపలు పెంచేవాళ్లు అమెరికాలో బాగానే తయారయ్యారు. మయామీలో రాబర్ట్ స్ట్రాహన్ ప్రచారం చేసిన పద్ధతి గులకరాళ్ల కింది ఫిల్టరు. తొట్టి అడుగున చిల్లుల పలక, దాని మీద గులక, మూలల్లో గాలి బుడగలతో నీళ్లు ఎత్తే గొట్టాలు. నీళ్లు గులక గుండా కిందికి లాగబడతాయి, రాళ్లకి అంటుకున్న బాక్టీరియా అమోనియాని మార్చేస్తుంది. పైకి చూస్తే నీళ్లు అద్దంలా ఉంటాయి. నెలలు గడిచాక గులకని వేలితో కదిపితే గోధుమరంగు మేఘం లేస్తుంది. మేతా పెంటా అంతా అక్కడే చిక్కుకుని, నీళ్లు అటే పోతూ, నిదానంగా నానుతోంది. దాదాపు అదే కాలంలో, 1961లో, జకార్తాలో ఉండే లీ చిన్ ఎంగ్ ఓ అమెరికన్ పత్రికలో తన పద్ధతి రాశాడు: సముద్రంలోంచి బతికున్న రాళ్లు తెచ్చి, కాస్త గాలి బుడగలు వదిలి, ఎండ తగలనిస్తే చాలునని. తీరానికి పక్కనే ఉండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు కొత్త నీళ్లూ కొత్త రాళ్లూ తెచ్చుకోగలిగిన ఆయనకి అది కుదిరింది. అట్లాంటా వాడికీ షికాగో వాడికీ కుదరడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది.

దారి కాస్త మళ్లించినవాళ్లు జర్మన్లు. బెర్లిన్ పద్ధతి అని పేరు పడిన ఆ దారిలో బతికున్న రాళ్లతో పాటు గట్టి స్కిమ్మర్ ఒకటి ఉండాలి. ఓ గొట్టంలో సన్నటి గాలి బుడగల్ని నురగలా లేపితే, నీళ్లలో కరిగిన మాంసకృత్తుల్లాంటివి బుడగల అంచుకి అంటుకుని పైకి తేలి, ఓ కప్పులోకి పొర్లుతాయి. కప్పు తీసి పారబోయడమే. కుళ్లకముందే మురికిని తొట్టి బయటికి పంపడమనే ఆలోచన ఇంటి అక్వేరియంలో గట్టిగా నిలబడింది ఇక్కడే అని నా అభిప్రాయం. అయితే స్కిమ్మర్ పట్టేది ఎక్కువగా కరిగినదాన్ని. కరగని ముక్కలు దానికి అంతగా చిక్కవు.

ఈలోగా 1986 జనవరిలో ‘ఫ్రెష్‌వాటర్ అండ్ మెరైన్ అక్వేరియం’ పత్రికలో జార్జ్ స్మిట్ రాసిన వ్యాసాలు అమెరికాని ఊపేశాయి. పొర్లిన నీళ్లు కింది పెట్టెలో చిల్లుల పళ్లెం మీద పడి, ప్లాస్టిక్ బంతుల గుట్ట మీంచి చుక్కచుక్కగా కారుతాయి. బంతులకి గాలీ తేమా రెండూ అందుతాయి కనక బాక్టీరియా విజృంభిస్తుంది. పగడాలు సాధారణ ఇళ్లలో బతకడం మొదలైంది ఈ ఊపులోనే. నీళ్లు కింది పెట్టెలోకి దిగి పైకెక్కే ఏర్పాటు, అంటే లాయిడ్ గారి నేలమాళిగ, ఇంటి అలమరలోకి వచ్చేసింది. ఏడాదీ రెండేళ్లూ గడిచాక ఆ బంతుల మీద కూడా గోధుమరంగు బురద పేరుకుంది. ఎన్ని నీళ్లు మార్చినా నైట్రేట్ దిగిరాదు. బంతుల పెట్టెకి నైట్రేట్ ఫ్యాక్టరీ అని పేరు పెట్టి చాలామంది తీసి పారేశారు. బంతులు పోయాయి, పెట్టె మిగిలింది, గొట్టం మిగిలింది. గొట్టంలోంచి ముక్కలూ బుడగలూ శబ్దమూ కలిసి దిగుతూనే ఉన్నాయి. ఆ గొట్టం మూతికి ఎవరో సంచి తొడిగారు.

ఆ సంచి ఎక్కణ్నుంచి వచ్చిందో దాని కొలతలే చెప్పేస్తాయి. అక్వేరియం కొట్లలో సాక్‌లు రెండు సైజుల్లో ఎక్కువగా దొరుకుతాయి, నోటి వ్యాసం 4 అంగుళాలు, 7 అంగుళాలు. రంగుల ఫ్యాక్టరీలో, నూనె మిల్లులో, పానీయాల కార్ఖానాలో ద్రవాల్ని వడకట్టడానికి వాడే బ్యాగ్ ఫిల్టర్లకి ఎప్పణ్నుంచో నంబర్లున్నాయి. ఒకటో నంబరు, రెండో నంబరు సంచులకి నోరు 7 అంగుళాలు, మూడూ నాలుగు నంబర్లకి 4 అంగుళాలు. చేప కోసం ఎవరూ కొత్త కొలత కనిపెట్టలేదు. రంగు డబ్బాలోకి గడ్డలు పోకుండా ఆపిన సంచినే తెచ్చి తగిలించారు. ఆ మాటకొస్తే గుడ్డ సంచితో వడకట్టడం ఫ్యాక్టరీల కన్నా చాలా పాతది. ప్రాచీన గ్రీకు వైద్యుడి పేరు మీద ‘హిప్పోక్రటీస్ చొక్కా చెయ్యి’ అని పిలిచే కోసు సంచి ఐరోపా మందుల కొట్లలో శతాబ్దాల పాటు వేలాడింది. కషాయాలూ, మసాలా వేసిన ద్రాక్షసారాయీ అందులోంచే దిగేవి.

కొత్తగా వచ్చింది సంచి కాదు, దాని పీచు. మిలాన్‌లో జూలియో నట్టా 1954లో గట్టి పాలీప్రొపిలీన్ తయారు చేశాడు. 1963లో ఆయనకి కార్ల్ జీగ్లర్‌తో కలిపి నోబెల్ కూడా వచ్చింది. ఈ పీచు నీళ్లు పీల్చుకోదు, ఉప్పుకి పాడవదు, నూలులా కుళ్లదు. దీన్ని దువ్వి పరిచి, ముళ్లున్న వందల సూదులతో పైకీ కిందికీ పొడిస్తే పోగులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని, నేత అక్కర్లేకుండానే దళసరి ఫెల్ట్ అవుతుంది. ఇందులో జల్లెడలా వరసగా కన్నాలుండవు. ముక్క ఒకటి లోపలికి దూరి, మెలికలు తిరిగి, ఎక్కడో చిక్కుకుంటుంది. అందుకే 100 మైక్రాన్లు, 200 మైక్రాన్లు అని రాసి ఉన్నా అది ఉజ్జాయింపు లెక్క. మనిషి వెంట్రుక 70 మైక్రాన్లు అటూ ఇటూగా ఉంటుంది, దాన్ని బట్టి ఊహించుకోవచ్చు. నైలాన్ వల సాక్‌లూ వచ్చాయి. వాటిని కుళాయి కింద దులిపితే శుభ్రమైపోతాయి, అయితే సన్నటి ముక్కల్నీ బుడగల్నీ వదిలేస్తాయి. బాగా పట్టేదాన్ని ఉతకడం కష్టం, సులువుగా ఉతికేది తక్కువ పడుతుంది.

టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉండే మా మేనల్లుడి ఇంట్లో ఈ ఉతుకుడు దగ్గరగా చూశాను. అలమర తలుపు తీసి టార్చి వేసి, ‘చూడు మావయ్యా, పొర్లిపోతోంది’ అన్నాడు. నిన్నటి దాకా సంచిలో నీటి మట్టం బెత్తెడు లోతులో ఉందట. ఇప్పుడు చట్రం అంచు దాకా వచ్చి, ఒక పక్కనుంచి నీళ్లు సంచిని తప్పించుకుని నేరుగా సంప్‌లోకి దూకుతున్నాయి. తీస్తే తడి బరువుకి కిందికి సాగింది. లోపల గోడంతా చాక్లెట్ రంగు జిగురు. వేలు పెడితే జారుతుంది. ఉప్పుటేరు పోటు తీసినప్పుడు లేచే వాసన. అడుగున రెండు చిన్న నత్తలూ, గిలగిల్లాడే రొయ్యపిల్ల లాంటి సన్నటి పురుగులూ ఉన్నాయి. నత్తల్ని ఏరి తొట్టిలో వేసి, సంచిని లోపలివైపు బయటికి తిరగేసి, పెరట్లో గొట్టంతో జోరుగా నీళ్లు కొట్టాడు. జిగురు వదిలింది కాని సంచి తెల్లబడలేదు. లోపల మా అమ్మాయి, అంటే వాడి భార్య, వినబడేలా అంది: ‘చేపల పెంట మన బట్టల మెషీన్లో వేస్తే నేనూరుకోను, చెప్తున్నా.’ అందుకని గ్యారేజీలో ఓ పాత చిన్న మెషీను వేరే ఉంది. వేడి నీళ్లు, కాస్త బ్లీచ్, సబ్బు మాత్రం చుక్క కూడా వేయడు. సబ్బు పీచులో మిగిలిపోతే చేపలకీ పగడాలకీ హాని, పైగా స్కిమ్మర్ ఒకటే నురగ కక్కి కప్పు నింపేస్తుంది. కొత్త సంచి కొన్నప్పుడు కూడా ఫ్యాక్టరీ నుంచి అంటుకొచ్చిన నూనెలాంటి పూత వల్ల ఇదే తంతు జరుగుతుంది, అందుకే కొత్తదాన్నీ ఉతికే వేస్తారు.

ఆ జిగురే అసలు విషయం. ముక్కలు పోగుల మధ్య చిక్కుకోగానే బాక్టీరియా వాటి మీద కాపురం పెట్టి జిగట పొర వేస్తుంది. సంచి మూసుకుపోవడానికి ముక్కల కన్నా ఈ పొరే ఎక్కువ కారణం. నీళ్లు మాత్రం ఆగకుండా ఆ కుళ్లు గుండానే పోతుంటాయి. కనక సంచిలో పట్టుబడిన మురికి తొట్టిలోంచి పోయినట్టు కాదు. మూడు నాలుగు రోజుల్లోపు తీయకపోతే అది కరిగి, అమోనియాగా నైట్రేట్‌గా ఫాస్ఫేట్‌గా తిరిగి నీళ్లలోకే వస్తుంది. గులకరాళ్లలోనూ, ప్లాస్టిక్ బంతుల్లోనూ జరిగింది ఇదే. గులకని ఎవరూ మూడు రోజులకోసారి తీసి ఉతకలేరు. సంచిని ఉతకగలరు. దీని గొప్పంతా అంతే. ఉతకనివాడికి ఇది బంతుల పెట్టె కన్నా మెరుగైనదేమీ కాదు, కాస్త చవక.

ఉతికే మందుల కథ కూడా చేపలతో సంబంధం లేనిదే. స్వీడన్‌లో షీలే 1774లో క్లోరిన్ వాయువు తయారు చేశాడు. ఫ్రాన్సులో రంగుల అద్దకాల పర్యవేక్షకుడిగా ఉన్న బెర్తొలే, అది గుడ్డల్ని తెల్లబరుస్తుందని 1780లలో గమనించాడు. పారిస్ పక్కన జావెల్‌లో దాన్ని నీళ్లలో పట్టి సీసాల్లో అమ్మారు. అయితే మన సంచికి దగ్గర చుట్టం లాబారాక్ అనే మందులాయన. పారిస్‌లో జంతువుల పేగుల్ని శుభ్రం చేసే కార్ఖానాల కంపు ఊరు భరించలేకపోతుంటే, 1820ల్లో ఆయన సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో పేగుల కుళ్లునీ కంపునీ అణచి బహుమతి కొట్టాడు. గుడ్డ తెల్లబరచడానికి వచ్చిన మందు, కుళ్లుని ఆపే మందుగా మారింది అక్కడే. సాక్‌లు ఉతికేవాళ్లు కూడా తెలుపు కోసం బ్లీచ్ వేయరు, పోగుల్లోపల నీటి జోరుకి అందని జిగురుని చంపడానికి వేస్తారు. పది పాళ్ల నీళ్లకి ఒక పాలు బ్లీచ్ కలిపి కొన్ని గంటలు నానబెట్టడం వాడుక. కాలం గడిచాక సంచికి గట్టి సున్నపు పొర పట్టి బరకగా అవుతుంది, దానికి బ్లీచ్ పనిచేయదు, వెనిగర్‌లో నానబెట్టాలి. ఈ రెండూ ఒకే బకెట్‌లో ఎప్పుడూ కలవకూడదు. కలిస్తే షీలే తయారుచేసిన వాయువే లేస్తుంది, ఊపిరితిత్తులు కాలిపోతాయి. మధ్యలో బాగా జాడించి, రెండో పని ఇంకో రోజు పెట్టుకోవడమే మంచిది.

బ్లీచ్ మిగిలితే చేప బతకదు. దాన్ని విరవడానికి వాడేది సోడియం థయోసల్ఫేట్, మనవాళ్ల వాడుకలో హైపో. జాన్ హెర్షెల్ 1819లో ఇది వెండి లవణాల్ని కరిగిస్తుందని చూశాడు, 1839లో ఫొటో బొమ్మ చెరిగిపోకుండా నిలపడానికి అదే పనికొచ్చింది. పాత స్టూడియోల చీకటి గదుల్లో ట్రేలో ఉండేది ఇదే. ఫొటో స్టూడియోలు పోయినా మన తీరంలో హైపో బస్తాలు పోలేదు. రొయ్య హేచరీ వాళ్లు సముద్రపు నీళ్లు తోడి, బ్లీచింగ్ పౌడరు వేసి అన్నిటినీ చంపి, ఆనక హైపోతో క్లోరిన్‌ని విరిచి, అప్పుడే పిల్లల్ని వేస్తారు. 1980ల చివర సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే ఎంపెడా వాళ్లు విశాఖ దగ్గర టాస్పార్క్ హేచరీ పెట్టినప్పటి నుంచీ, 2009లో వెనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక మరీ ఎక్కువగా, నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా ఇది రోజువారీ పని. నీళ్ల పైపు మూతికి కట్టే ఫిల్టర్ బ్యాగు అక్కడ కూడా అదే ఫెల్ట్, మైక్రాన్లు మాత్రం పదీ అయిదూ ఒకటీ దాకా దిగుతాయి. అక్కడి కుర్రాళ్లని ఫిల్టర్ సాక్ అంటే తెలుసా అని అడిగితే తెలియదంటారు. బ్యాగు ఉతక్కపోతే ఏమవుతుందని అడిగితే మాత్రం గుక్క తిప్పుకోకుండా చెబుతారు. విబ్రియో అనే బాక్టీరియా పట్టిన ట్యాంకులో రొయ్యపిల్లలు రాత్రిపూట మిణుకుమిణుకుమంటూ మెరుస్తాయి, తెల్లారేసరికి అడుగున చచ్చి పడి ఉంటాయి. ఇంట్లో రాతి పగడాలు పెంచే సరదా మాత్రం మన దేశంలో కుదరదు. 2001 నుంచీ అవి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది.

గుడ్డనీ విబ్రియోనీ కలిపి చూసిన పరిశోధన ఒకటి ఉంది. అమెరికన్ శాస్త్రవేత్త రీటా కాల్వెల్ బృందం బంగ్లాదేశ్‌లో మత్లబ్ పల్లెల్లో, చెరువు నీళ్లని మడత పెట్టిన పాత నూలు చీరలోంచి వడకట్టుకోమని ఆడవాళ్లకి నేర్పింది. కలరా కలిగించే విబ్రియో ఒంటరిగా అయితే చీరకి చిక్కదు, కాని అది నీటిలోని కోపెపాడ్‌లనే సూక్ష్మమైన జీవుల్ని అంటిపెట్టుకుని ఉంటుంది, అవి చిక్కుతాయి. 2003లో వచ్చిన ఫలితం ప్రకారం కలరా 48 శాతం తగ్గింది. ఇందులో నాకు నచ్చిన సంగతి, కొత్త చీర కన్నా పాత చీర బాగా పనిచేయడం. ఉతికి ఉతికి నూలు పోగులు విచ్చుకుని సందులు సన్నబడతాయి. పాలీప్రొపిలీన్ ఫెల్ట్‌ది ఇందుకు ఎదురు దారి. ఉతికిన కొద్దీ పోగులు లేచిపోతాయి, కుట్లు వదులవుతాయి, అందుకే సాక్‌లకి ఆయుష్షు కొన్ని నెలలే. వాడాక ఎండలో ఆరేయాలనే నియమం మాత్రం చీరకీ సంచికీ ఒకటే. పూర్తిగా ఆరిన గుడ్డలో జిగురు మళ్లీ అంత తొందరగా పుట్టదు.

సంచి అసలు వద్దన్నవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాట కొట్టిపారేయలేం. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో 1980లో వాల్టర్ ఏడీ పగడాల దిబ్బని తొట్టిలో నిలబెట్టినప్పుడు, నీళ్లని శుభ్రం చేసే పని నాచు పరుపులకి అప్పగించాడు. వడకట్టే ఫిల్టరు నీటిలోని జీవకణాల్ని కూడా ఊడ్చేస్తుందని, పగడాలకి అదే మేత అని ఆయన వాదన. మా మేనల్లుడి సంచి అడుగున గిలగిల్లాడినవి ఆ మేతే. అందుకే పగడాలకి మేత వేసే రాత్రులు కొందరు సాక్ తీసి పక్కన పెట్టి, పొద్దున తగిలిస్తారు. ఉతికే పని పెట్టుకోలేనివాళ్లకి సాక్ వద్దనే నేనూ అంటాను. ఉతకని సాక్ కన్నా లేని సాక్ మేలు.

ఉతుకుడు తప్పించే యంత్రం కూడా వచ్చింది. జర్మనీలో థైలింగ్ వాళ్ల రోలర్‌మ్యాట్, ఆ దారిలోనే రెడ్ సీ వాళ్ల రీఫ్‌మ్యాట్. పల్చటి ఫ్లీస్ గుడ్డ చుట్ట ఒకటి నీటి దారికి అడ్డంగా సాగుతుంది. గుడ్డ మురికి పట్టి మూసుకుపోతే వెనక నీటి మట్టం పెరుగుతుంది, ఆ పెరుగుదలని తేలుడు స్విచ్ పసిగట్టి మోటారుని తిప్పుతుంది, కొత్త గుడ్డ ముందుకొస్తుంది, మురికిది నీళ్ల పైన చుట్టుకుంటుంది. సంచి పొర్లిపోతోందని మా వాడు టార్చి వేసి చూసినదాన్నే యంత్రం రోజుకి ఎన్నోసార్లు చూసుకుంటుందన్నమాట. మురికి గంటల్లోనే నీళ్లలోంచి బయటపడుతుంది, ఏ సాక్ కన్నా ఇది మెరుగే. కాకపోతే చుట్ట అయిపోయాక ఆ ప్లాస్టిక్ గుడ్డంతా చెత్తలోకే. మా వాడు కిందటేడు ఒకటి కొన్నాడు. గ్యారేజీలో మెషీనూ, తాడు మీద సాక్‌లూ ఇంకా ఉన్నాయేమిటని ఫోన్లో అడిగాను. ‘చుట్ట అయిపోయి కొత్తది పోస్టులో రావడానికి అయిదారు రోజులు పడుతుంది మావయ్యా, అంతదాకా చేపల్ని తినొద్దని చెప్పగలనా?’ అన్నాడు.